మా హాస్టలు కోర్టు

మా అన్నగారి మనవరాలికి లా సీటు వచ్చిన సంగతి లోగడ ఒకసారి మీకు మనవి చేశాను. ఎర్రగుంట్ల నుంచి విశాఖపట్నం దాకా ఆడపిల్లను పంపడమేమిటని మా వదిన రెండు పూటలు అన్నం మానేసిన సంగతీ మనవి చేశాను. ఇప్పుడావిడ తింటున్నారు. పిల్ల ప్రయాణం ఖాయమైంది.

పోయిన ఆదివారం పిల్ల తండ్రి, అంటే మా అన్న కొడుకు, ఒక కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు.

"చిన్నాయనా, ఇదేందో చూడు. పిల్ల సంతకం చేయల్లంట, నేనూ చేయల్లంట. ఇంకా కాలేజీలో అడుగు పెట్టనేలేదు, అప్పుడే ముచ్చలిక రాయించుకుంటాండారు!" అన్నాడు.

కళ్ళద్దాలు తగిలించుకొని చూద్దును గదా, అది ర్యాగింగు చెయ్యనని ఇచ్చే హామీ పత్రం. 2009లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ వారు పెట్టిన నియమం ఇది. ప్రతి ఏడూ విద్యార్థీ రాసివ్వాలి, తల్లో తండ్రో కూడా రాసివ్వాలి. మన రాష్ట్రంలో అంతకుముందే, 1997లోనే, ర్యాగింగును నిషేధిస్తూ చట్టం వచ్చింది. తోటి విద్యార్థిని నలుగురిలో ఎగతాళి చేసి చిన్నబుచ్చినా ఆరు నెలల దాకా శిక్ష పడవచ్చు. నేను చదివే రోజుల్లో ఈ చట్టం ఉండి ఉంటే మా హాస్టల్లో సగం మంది లా పట్టా జైల్లోనే పుచ్చుకొని ఉండేవారు.

"సంతకం పెట్టు నాయనా, మంచిదే" అన్నాను.

పిల్ల పక్కనే నిలబడి ఉంది. తను చేరబోయే చోటు గురించి అంతకుముందే నాకు పాఠం చెప్పింది. 2008లో మొదలైన ఆ న్యాయ విశ్వవిద్యాలయానికి తరవాత దామోదరం సంజీవయ్యగారి పేరు పెట్టారు. సబ్బవరంలో ఉన్న ఆ ఆవరణ పేరు న్యాయప్రస్థ. ఖాండవప్రస్థం, ఇంద్రప్రస్థం విన్నాం గానీ ఇది నాకు కొత్త. అయిదేళ్ళ చదువు, అయిదేళ్ళూ హాస్టల్లోనే కాపురం. సంజీవయ్యగారు మన పక్క జిల్లా మనిషే. కర్నూలు దగ్గర పెద్దపాడులో 1921లో పుట్టి, మద్రాసులో లా చదివి, 1950లో అడ్వొకేటుగా పేరు నమోదు చేసుకున్నారు. పదేళ్ళకు, 1960 జనవరిలో, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవి ఎక్కిన మొదటి దళితుడు ఆయనే. కర్నూలు జిల్లా మనిషి పేరు సముద్రం ఒడ్డున ఉన్న జిల్లాలో వెలుగుతున్నదంటే ఈ ఎండు సీమ వాళ్ళకు కాస్త గర్వమే మరి.

సరే, సామాను సర్దుడు సంగతి వచ్చింది. మా ఇంటావిడకు పాత వస్తువు కనిపిస్తే ఎవరికో ఒకరికి అంటగట్టాలని ఉబలాటం.

"మీ ట్రంకు పెట్టె అటక మీద ఊరికే పడుంది గదా. ఎంత గట్టిదో! పిల్లకిద్దాం" అని, నేను వద్దనేలోగా కుర్రాణ్ణి నిచ్చెన ఎక్కించి దింపించేసింది.

ప్రొద్దుటూరులో కొన్న పెట్టె అది. ఆకుపచ్చ రంగు. మూత మీద తెల్ల పెయింటుతో నా పేరు, పేరు కింద 'ఎర్రగుంట్ల' అని ఉన్నాయి. పిల్ల మూత ఎత్తి చూసి పకపకా నవ్వింది.

"జేజినాయనా, దీనికి చక్రాల్లేవే! లా కాలేజీకి ఇది ఎత్తుకొని పోయినావా? ఇందులో ఏం పెట్టుకుంటాంటివి?"

నేను జవాబు చెప్పకుండా పెట్టె అడుగు వంకే చూస్తుండిపోయాను కాబోలు, "ఏమైంది?" అంది. ఆ పిల్లకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. నలభై ఏళ్ళకు పైగా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు కోర్టుల చుట్టూ తిరుగుతూ ఎందరి చేతనో నిజం చెప్పించడానికి ప్రయత్నించినవాణ్ణి, ఈ ఒక్క సంగతి మాత్రం మా ఇంటావిడకు కూడా చెప్పలేదు.

1979 జులైలో ఈ పెట్టె నెత్తిన పెట్టుకొని లా చదవడానికి బయల్దేరాను. ఏ ఊరు, ఏ కాలేజీ అని అడగకండి. ఆనాటి వాళ్ళు చాలామంది ఇంకా ఉన్నారు. ఎర్రగుంట్ల అప్పటికి జంక్షను కాలేదు. నంద్యాల లైను పూర్తయింది 2016లో గదా. మద్రాసు, బొంబాయి మధ్య తిరిగే బండ్లు కాసేపు ఆగి పోయే స్టేషను, దాని చుట్టూ నాపరాళ్ళ దొంతులు, ఆ రాళ్ళ పొడి పట్టిన చెట్లు, అదీ మా ఊరు. మా నాయన ఒక రాళ్ళ మండీలో గుమాస్తా. దేశమంతా దాన్ని కడప రాయి అంటుంది. రాయి మాది, పేరు కడపది. ఈ అన్యాయం మీద మా ఊళ్ళో ఏ ప్లీడరూ ఇంతవరకు దావా వేయలేదు.

మా నాయన బండి ఎక్కిస్తూ, "డబ్బు భద్రం రా" అన్న మాట తప్ప ఇంకేమీ అనలేదు. ఆ మాటే చివరికి ఇంత పని చేసింది.

హాస్టలుకు చేరిన మొదటి రాత్రి నాకు ధైర్యమిచ్చింది మనుషులు కాదు, రాయి. వరండా పొడుగునా పరిచింది మా నాపరాయే. చెప్పులు విడిచి దాని మీద నిలబడితే మా ఇంటి వసారాలో నిలబడ్డట్టే చల్లగా ఉంది. వేసవిలో అందరమూ మంచాలు వదిలేసి ఆ రాయి మీదే పడుకునేవాళ్ళం.

తిండికి మాత్రం చాలా అవస్థ పడ్డాను. మా జేజి కట్టి ఇచ్చిన చెనిక్కాయల ఊరుబిండి మూడో నాటికి ఖాళీ అయింది. మా గదిలో వాళ్ళు ఒకటిన్నర రోజులో తిన్నారు, పక్క గదివాళ్ళు మిగతాది. పొద్దున అన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. సంగటి ముద్ద కోసం ప్రాణం కొట్టుకునేది. సంగటి అంటే ఏమిటని గుంటూరు వైపు కుర్రాడొకడు అడిగితే ఎంతో ఇష్టంగా వర్ణించి చెప్పాను. అంతా విని, "అయితే జబ్బు చేసినప్పుడు తింటారన్నమాట" అన్నాడు!

మా హాస్టల్లో ఎవరికీ సొంత పేరుండేది కాదు. ఊరి పేరే పేరు. నేను ఎర్రగుంట్ల. నా గదిలో ఇంకా ఇద్దరు, ఒకడు గుత్తి, ఒకడు చాగలమర్రి. వార్డెనుగారు అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవరో కొత్తవాడు వచ్చాడనుకొని వెనక్కి తిరిగి చూసేవాళ్ళం. ఈనాటికీ ఆ ఇద్దరినీ నేను ఆ ఊళ్ళ పేర్లతోనే తలచుకుంటాను, ఇక్కడా అలాగే రాస్తాను.

క్లాసులు పొద్దున ఏడింటికి మొదలై పదకొండింటికల్లా అయిపోయేవి. రోజంతా హాస్టలే మాకు కాలేజీ. సెక్షన్లు, కేసులు, వాదప్రతివాదాలు అన్నీ వరండాలోనే. చాగలమర్రి వట్టి మాటకారి కాదు గానీ, పుస్తకం ఒకసారి చదివితే పేజీ నంబరుతో సహా చెప్పేవాడు. నా దగ్గర పుస్తకాలుండేవి, వాడి దగ్గర జ్ఞాపకముండేది. పరీక్షల ముందు రాత్రులు వాడు చెబుతుంటే నేనూ గుత్తీ వినేవాళ్ళం. నేను మొదటి ఏడు గట్టెక్కింది ఆ గొంతు చలవ వల్లే.

వాడు స్కాలర్‌షిప్పు మీద చదివేవాడు. ఆ డబ్బు ఎప్పుడొస్తుందో ఇచ్చేవాళ్ళకే తెలియదు.

రెండో ఏట నన్ను మెస్సు సెక్రటరీగా ఎన్నుకున్నారు. ఈ పదవి గురించి తెలియనివారికి కొంచెం చెప్పాలి. మాది డివైడింగు మెస్సు. బియ్యం, పప్పు, కట్టెలు, వంటమాస్టరు జీతం, మొత్తం ఖర్చును నెలాఖరుకు తిన్న పూటల లెక్కన అందరికీ పంచుతారు. నెలకు నూరు, నూట ఇరవై మధ్య పడేది. చెట్టిగారి అంగడిలో సరుకులు తెచ్చేదీ, మజ్జిగలో నీళ్ళెన్ని పోశారో కనిపెట్టేదీ, బాకీదారుల పేర్లు బోర్డు మీద రాసేదీ సెక్రటరీయే. ఎమ్మెల్యే ఎన్నికకు తీసిపోని ఎన్నిక జరిగింది. గెలిచినవాడికి నడక మారుతుంది. నాకూ మారింది.

ఆ బోర్డు మీద చాగలమర్రి పేరు రెండు నెలలుగా ఉంది. రాసింది నేనే. ఒకే గదిలో ఉంటూ, వాడు పక్క మంచం మీద నుంచి చూస్తూ ఉండగా, వాడి పేరు రాసుకున్న కాగితం పట్టుకొని బోర్డు దగ్గరకు వెళ్ళేవాణ్ణి. వాడు ఒక్కసారీ ఏమీ అనలేదు.

ఒక శనివారం నాడు చెట్టిగారికి కట్టవలసిన 340 రూపాయలు వసూలు చేసి తెచ్చి ఈ పెట్టెలో పెట్టాను. ఆదివారం మ్యాట్నీకి పోయాను. సోమవారం పొద్దున చెట్టిగారి కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. పెట్టె తీశాను. డబ్బు లేదు. బట్టలన్నీ దులిపాను, పుస్తకాలన్నీ విదిలించాను. లేదు. ఈ పెట్టె తాళం మేకుతో కదిలిస్తే ఊడి వస్తుందని హాస్టలంతటికీ తెలుసు.

అప్పుడొక సంగతి బయటపడింది. ఆదివారం నేను సినిమాలో ఉండగా చాగలమర్రి మెస్సు గుమాస్తా చేతిలో రెండు నెలల బాకీ, 230 రూపాయలు, ఒక్కసారిగా పెట్టి, రసీదు పుచ్చుకొని, సాయంత్రం బస్సుకు ఊరికి వెళ్ళిపోయాడు.

ఇక చెప్పేదేముంది? ఎవరూ ఎవరితోనూ ఏమీ అనకుండానే మధ్యాహ్నం భోజనాల వేళకు హాస్టలంతా ఒకే మాట మీదకు వచ్చింది. వాడి కులం పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం లేకపోయింది.

ఆ రాత్రి మెస్సు హాల్లో కోర్టు పెట్టారు. సరదాకు కాదు, నిజంగానే. బల్లలు జరిపి, పైన ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఆఖరి సంవత్సరం చదివే పెద్దన్న ఒకాయన, వాదనలో కాలేజీకి బహుమతి తెచ్చినవాడు. ఒక పక్క మరొకడు. రెండో పక్క ఎవరనుకున్నారు? డబ్బు పోగొట్టుకున్న నేను!

సరిగ్గా ఆ వారమే మా మాస్టారు క్లాసులో బెంట్లీ కేసు చెప్పారు. 1723లో ఇంగ్లండులో జరిగింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారు బెంట్లీ అనే మహా పండితుడి మీద కోపం వచ్చి, ఆయన చెప్పుకునేదేమిటో వినకుండానే ఆయన పట్టాలన్నీ ఊడబెరికారు. ఆయన కోర్టుకెక్కాడు. పట్టాలు తిరిగి ఇమ్మన్నారు న్యాయమూర్తులు. వారిలో ఒకాయన, దేవుడంతటివాడు కూడా ఆదామును తోటలోంచి వెళ్ళగొట్టేముందు పిలిచి అడిగాడు గదా అన్నాడు. దేవుడికి తెలియక అడిగాడా? ఆ మాటకు మేమంతా ముచ్చటపడి నోట్సులో గీతలు కొట్టుకున్నాం. ఎవడి తగువులో వాడే తీర్పరి కారాదన్నది ఇంకో సూత్రం. 1969లో మన సుప్రీంకోర్టు అటవీ శాఖ ఉద్యోగాల ఎంపికను కొట్టేసింది దాని మీదనే. ఎంపిక సంఘంలో కూర్చున్న పెద్దమనిషే ఉద్యోగానికి అభ్యర్థి కూడానట! అదీ నాకు కంఠతా వచ్చు. కంఠతా వచ్చినవాణ్ణే పోయి ఆ కుర్చీలో కూర్చున్నాను.

హాల్లో నలభై మంది లా విద్యార్థులున్నారు. వాళ్ళలో లేచి నిలబడింది ఒక్కడే, గుత్తి.

"వాడు లేనప్పుడు ఈ పంచాయితీ ఏందన్నా? బుధవారం వస్తాడు గదా. వచ్చినాంక అడుగుదాం" అన్నాడు.

దానికి పెద్దన్న చిరునవ్వు నవ్వి రాంచీ కేసు తీశాడు. రాంచీలో ఒక మెడికల్ కాలేజీ. 1972 జూన్‌లో ఒక రాత్రి కొందరు కుర్రాళ్ళు ఆడపిల్లల హాస్టలు ఆవరణలో చొరబడి అసభ్యంగా ప్రవర్తించారని 36 మంది ఆడపిల్లలు ప్రిన్సిపాలుకు ఫిర్యాదు చేశారు. విచారణ సంఘం ఆ పిల్లల మాటలను కుర్రాళ్ళ ఎదుట కాకుండా విడిగా విని, కుర్రాళ్ళను రెండేళ్ళు వెళ్ళగొట్టించింది. వాళ్ళు సుప్రీంకోర్టుకు వెళితే, 1973లో కోర్టు ఆ శిక్షను ఖాయం చేసింది. ఆ పిల్లలు రేపు అదే ఊళ్ళో తిరగాలి, వాళ్ళ భద్రత చూడవద్దా, కాలేజీ విచారణ కోర్టు విచారణలాగే జరగాలన్న పట్టు లేదు అని దాని సారాంశం.

"కాబట్టి హాస్టలు వ్యవహారంలో ఇంత పట్టింపు అక్కరలేదు" అని తేల్చాడు పెద్దన్న.

హాలంతా తల ఊపింది. ఆ తీర్పు మొత్తం నేను చదివి ఉన్నాను. ఆ కుర్రాళ్ళను విచారణ సంఘం పిలిపించింది. వాళ్ళ మీది అభియోగమేమిటో చెప్పింది. వాళ్ళ జవాబు రాయించుకుంది. దాచింది ఫిర్యాదు చేసిన పిల్లలనే గానీ ఆ కుర్రాళ్ళ నోరు నొక్కలేదు. ఈ సగం పెద్దన్న వదిలేశాడు. మరిచిపోయి వదిలాడో, తెలిసే వదిలాడో నాకు తెలియదు. నా సంగతి నాకు తెలుసు. నాకు గుర్తుంది, నేను నోరు విప్పలేదు. విప్పితే, "అయితే డబ్బేమైంది, నువ్వే తిన్నావా?" అంటారని భయం. వాడు దొంగ అయితే నేను మర్యాదస్థుణ్ణి. వాడు కాకపోతే నేను అజాగ్రత్త మనిషిని, లేదా అంతకంటే చెడ్డవాణ్ణి.

చాగలమర్రిని హాస్టలు నుంచి పంపించివేయాలని తీర్మానం. దస్తూరి బాగుంటుందని నా చేతనే రాయించారు. వార్డెనుగారు మర్నాడు చదివి సంతకం పెట్టారు. ఆయనా ఒక్క ప్రశ్న అడగలేదు.

బుధవారం సాయంత్రం వాడు వచ్చేసరికి వాడి పక్కచుట్టా, రేకు పెట్టే, పురికోసతో కట్టిన పుస్తకాలూ వరండాలో రాయి మీద ఉన్నాయి. వాడి చేతిలో ఒక చెంబుంది. మాకోసం తెచ్చిన నెయ్యి. సామాను చూశాడు, గోడ మీది నోటీసు చదివాడు. దస్తూరి గుర్తుపట్టడానికి వాడికెంతసేపు!

"నన్నొక మాట అడిగింటే చెప్పేటోణ్ణి గదరా, ఎర్రగుంట్లా" అన్నాడు.

అంతే. గట్టిగా కూడా అనలేదు. చెంబు గుత్తి చేతికిచ్చి, పక్కచుట్ట భుజాన వేసుకొని పోయాడు.

పోయిన 340 రూపాయలను ఆ నెల అందరి బిల్లుల్లోనూ వేశాం. తలా ఆరేడు రూపాయలు పడింది. వాడు ఊళ్ళో ఎక్కడో గది తీసుకొని క్లాసులకు వచ్చేవాడు. ఆఖరి బెంచీ మీద కూర్చునేవాడు. గుత్తి ఆ నెయ్యి ముట్టలేదు, నన్ను ముట్టనివ్వలేదు. పరీక్షలకు చెప్పే గొంతు లేక మా గదిలో రాత్రులు చప్పుడు లేకుండా ఉండేవి.

అయిదు నెలలు గడిచాయి. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం పెట్టెలో పురుగులు పట్టాయని అంతా బయట పెట్టి, అడుగున పరిచిన పాత న్యూసుపేపరు మార్చబోయాను. ఎడమ చేతి మూలలో చిన్న ఎత్తు కనిపించింది. పేపరు లేపితే నోట్ల మడత. అన్నీ పది రూపాయల నోట్లు. లెక్క పెట్టాను. 34 ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. మా నాయన మండీ డబ్బు ఇంటికి తెచ్చినప్పుడు పెట్టెలో పైన పెట్టడు. పేపరు కింద తోసేవాడు. ఆ శనివారం, తాళం వదులని, డబ్బు భద్రమన్న మాట గుర్తొచ్చి, నేనూ అలాగే తోశాను. జాగ్రత్తపడ్డానన్న సంగతే మరిచిపోయాను.

పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఈ లెక్క నాకు బాగా గుర్తు. ముందు పెద్దన్న దగ్గరికి వెళ్ళాను. ఆయన పరీక్షలకు కూర్చొని చదువుకుంటున్నాడు. "అయిపోయిన దాన్ని ఇప్పుడెందుకు తవ్వుతావు? మెస్సులో జమ కట్టెయ్" అన్నాడు. పన్నెండో రోజున నోట్లు జేబులో పెట్టుకొని చాగలమర్రి గది వెతుక్కుంటూ వెళ్ళాను. నూనె మిల్లు వెనక రేకుల గది. వాడు కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం వార్చుకుంటున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "కూచో" అన్నాడు.

చెప్పాను. నోట్లు కూడా చూపించాను, ఎందుకో! వాడు గంజి పూర్తిగా వార్చి, గిన్నె దించి, స్టవ్వు ఆర్పి, అప్పుడు మాట్లాడాడు.

"మా నాయన సంతలో రెండు మేకలు అమ్మి, లారీలో వచ్చే మా మామ చేత పంపించినాడు. అంత లెక్క పంపినాడే, ఇంట్లో ఏం ఇబ్బంది పడినారోనని చూసొద్దామని ఆ పొద్దు ఊరికి పోయినా."

తరవాత నా వైపు చూసి, "ఈ మాట నాకెందుకు చెప్తాండావు? నేను తీయలేదని నాకు తెలుసు. ఆ పొద్దు నలభై మంది కూచున్నారే, ఆడ చెప్పు" అన్నాడు.

వాడు వండుకున్నదాంట్లో సగం నాకు పెట్టాడు. తిన్నాను.

ఆ నెలాఖరుకు మెస్సు సర్వసభ్య సమావేశం జరిగింది. లెక్కలన్నీ చదివి, చివర, "పోయిన మెస్సు డబ్బు 340 రూపాయలు దొరికింది. ఈ నెల బిల్లులో అందరికీ తగ్గిస్తాం" అని చదివాను. చప్పట్లు కొట్టారు. ఎక్కడ దొరికిందని ఒక్కరూ అడగలేదు. వాడే తెచ్చి ఇచ్చాడనుకున్నారేమో. అలా అనుకోవడానికి నా వాక్యంలో చోటుంది. లా చదువుతున్నవాణ్ణి గదా, వాక్యం జాగ్రత్తగానే రాసుకున్నాను. గుత్తి ఒక్కడు నా ముఖం వైపు చూసి లేచి బయటకు పోయాడు.

చాగలమర్రి చదువు పూర్తి చేశాడు. నాకంటే మంచి మార్కులు వచ్చాయి. కర్నూలు వైపు ప్రాక్టీసు పెట్టాడు. విచారణ లేకుండా ఉద్యోగం ఊడినవాళ్ళ కేసులు వాడి దగ్గరకే పోతాయని విన్నాను. ఏడాదికో రెండేళ్ళకో ఏదో ఒక కోర్టు మెట్ల మీద ఎదురుపడతాం. నమస్కారం పెట్టుకుంటాం. "పిల్లలు బాగుండారా?" అంటాడు. "బాగుండారు" అంటాను. ఒక్కసారి, చాలా ఏళ్ళ కిందట, టీ తాగుతూ, "మెస్సులో చెప్పినావంటనే?" అన్నాడు. "చెప్పినా" అన్నాను. "ఏం చెప్పినావో గుత్తి చెప్పినాడులే" అని గ్లాసు కింద పెట్టాడు.

ఇదంతా విని మా మనవరాలు చాలాసేపు మాట్లాడలేదు. ఇంతసేపటికి మా ఇంటావిడ వంటింటి గడపలో నిలబడి అంతా వింటున్నదని గమనించాను. ఆవిడా ఏమీ అనలేదు. లోపలికి పోయి గిన్నెల చప్పుడు కొంచెం ఎక్కువగా చేసింది.

"ఆయన్ను మళ్ళీ హాస్టలుకు రమ్మన్లేదా?" అంది పిల్ల.

"పిలవలేదు."

"తీర్మానం కొట్టేయలేదా?"

"లేదు."

"అయితే అది ఇంకా ఉన్నట్టే గదా, జేజినాయనా" అంది. ఇంకా కాలేజీలో చేరలేదు, అప్పుడే ఇలా మాట్లాడుతోంది!

పిల్ల పెట్టెలోకి వంగి, పేపరు మీద చెయ్యి పెట్టి తడిమింది. "ఈడనేనా?" అంది. నేను తల ఊపాను. మూత మూసింది. పెట్టె మాత్రం వద్దంది. బరువట, చక్రాల సంచీ చాలట. మా ఇంటావిడ ముఖం చిన్నబోయింది.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "వారం వారం పత్రికలో ఏందేందో రాస్తావు గదా. ఇది కూడా రాయి. ఎక్కడ దొరికిందో కూడా రాయి" అంది.

రాశాను. నా ట్రంకు పెట్టెలో, అడుగున, ఎడమ చేతి మూల, న్యూసుపేపరు కింద. పెట్టింది నేనే.